స్వరానికీ స్వరానికీ మధ్య: ఇంటి గదిలో వయొలిన్ రికార్డింగు

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ఇల్లు అనుకుందాం. తెల్లవారుజామున నాలుగున్నర. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, వయొలిన్ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి చాప మీద కూర్చుని, ఎదురుగా స్టూలు మీద ఫోను నిలబెట్టి ‘నగుమోము గనలేని’ వాయిస్తోంది. ఆ కీర్తనకు తోడుగా రెండో వయొలిన్ వరస ఒకటి నెల రోజులు కూర్చుని తానే కట్టుకుంది. ముందు కీర్తన వాయించి, తరవాత దాన్ని వింటూ రెండో వరస వాయించి, రెండింటినీ కలిపింది. సాయంత్రానికి అది బంధువుల ఫోన్లకు చేరింది. విన్నవారు బాగుందన్నారు. ఆమెకు మాత్రం తృప్తి లేదు. వాయించేటప్పుడు చెవికి తగిలినది ఏదో రికార్డులో లేదు. స్వరాలన్నీ ఉన్నాయి, తాళం తప్పలేదు, శ్రుతి చెడలేదు. మరి ఏది పోయింది?

పోయింది స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న దారి. గాంధారం మధ్యమాన్ని తాకి వెనక్కి రావడం, జారులో, అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారేటప్పుడు, వేలు చివరి క్షణాన నెమ్మదించడం, కమాను తీగను వదిలేటప్పుడు సన్నగా మిగిలే నాదం. గమకం అని ఒక్క మాటలో అంటాం కానీ అందులో వేలు పనీ ఉంది, కమాను పనీ ఉంది. ఇంట్లో చేసే రికార్డింగులో ప్రతి మెట్టు దగ్గరా కొంచెం కొంచెంగా అరిగిపోయేది ఇదే. కూర్పు కట్టేటప్పుడు కొంత, గదిలో కొంత, ఫోనులో కొంత, ఎడిటింగులో మరికొంత. ఖరీదైన మైకు కొంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మైకు కన్నా ముందు చూసుకోవలసినవి చాలా ఉన్నాయి.

అసలు వయొలిన్ మన సంగీతంలో నిలదొక్కుకోవడానికి కారణమే ఈ దారి. వీణకు మెట్లున్నాయి, వయొలిన్‌కు లేవు. వేలు ఎంత జారితే స్వరం అంత జారుతుంది, గొంతు ఎలా పోతే అలా వెంట పోగలదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరోపియన్ల దగ్గర ఈ వాద్యం నేర్చుకుని కర్ణాటక సంగీతానికి మలిచారు. ముత్తుస్వామి దీక్షితులు కూడా ఆ యూరోపియన్ల బ్యాండు బాణీలు కొన్నింటికి సంస్కృత సాహిత్యం రాశారు. వాటినే నొట్టుస్వర సాహిత్యాలంటారు. ‘శక్తి సహిత గణపతిం’ పిల్లలకు ఇప్పటికీ నేర్పేది ఆ కోవలోదే. అంటే ఒక సంప్రదాయపు బాణీని ఇంకో సంప్రదాయంలోకి తెచ్చి అమర్చుకోవడం మనకు కొత్త కాదు, రెండు వందల ఏళ్ల నాటి మాట. ఆ బాణీలన్నీ శంకరాభరణం స్వరాలలో, దాదాపు గమకం లేకుండా, నిలువు స్వరాలుగా ఉంటాయి. గమకం లేని చోట బాణీ చెక్కుచెదరకుండా అటు నుంచి ఇటు దాటుతుంది. గమకం ఉన్న చోటే చిక్కు.

తెలుగునాట ఈ వాద్యానికి ఉన్న గౌరవం పెద్దది. ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యుడిగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును ఒంటరిగా కచేరీ నిలబెట్టగల వాద్యంగా జనం చేత ఒప్పించినవారిలో ఆయన ముందువరసలో ఉంటారు. విజయవాడకు వస్తే పారుపల్లి రామకృష్ణయ్య పంతులు (1883–1951) శిష్యపరంపర ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి ఇద్దరూ ఆ గురువు దగ్గర తయారైనవారే. అన్నవరపు వారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఉద్యోగ జీవితం ఆకాశవాణి విజయవాడ కేంద్రంతో ముడిపడినది. 1948 డిసెంబరు 1న మొదలైన ఆ కేంద్రం చాలాకాలం పాటు ఈ ప్రాంతపు కళాకారుడికి రికార్డింగు అంటే ఏమిటో తెలిసే చోటు.

రేడియో స్టూడియోలో ఒక సౌకర్యం ఉండేది, దాన్ని ఇప్పుడు ఎవరూ తలచుకోరు. గాజు అద్దానికి అవతల రికార్డిస్టు కూర్చునేవాడు. వాయించేది ఒకరు, వినేది ఇంకొకరు. కమాను గరగర ఎక్కువైతే మైకు జరిపేవాడు, మంద్రస్థాయి, అంటే కింది స్వరాల స్థాయి, వినిపించకపోతే చెప్పేవాడు. ఇంట్లో ఈ రెండు పనులూ ఒక్కరి మీదే పడతాయి. వాయిస్తున్నప్పుడు చెవి రాగం మీద ఉంటుంది, గోడ నుంచి వచ్చే ప్రతిధ్వని మీద ఉండదు. అందుకే ఇంట్లో చేసిన రికార్డును ఆ రోజే తేల్చుకోకుండా, మర్నాడు వేరొకరు వాయించినట్టుగా వినడం మంచిది. ఆ ఒక్క రాత్రి ఎడమే రికార్డిస్టు చెవిని తెచ్చిపెడుతుంది.

కూర్పులో ఏది ఉంచాలి

అరేంజ్‌మెంట్ అనే మాటను ఇక్కడ కూర్పు అందాం. త్యాగరాజ కీర్తనను రెండు వయొలిన్లకు కూర్చడమంటే మొదట తేల్చుకోవలసినది, రెండో వయొలిన్ ఏం చేయకూడదు అన్నది. పాశ్చాత్య సంగీతంలో ఒక స్వరంతో పాటు దానికి పొత్తు కుదిరే ఇంకో స్వరం పలికిస్తే నిండుదనం వస్తుంది. అక్కడ స్వరం నిలకడగా ఉంటుంది కాబట్టి ఆ పొత్తు నిలుస్తుంది. మన తోడి రాగంలో గాంధారం నిలకడగా ఉండదు, ఊగుతుంది. మొదటి వయొలిన్ ఆ గాంధారాన్ని కంపితంతో, అంటే ఊపుతూ, పలికిస్తుండగా రెండోది దాన్ని చదునుగా పట్టుకుంటే, ఊగే స్వరం నిలిచిన స్వరాన్ని దాటుతూ వెనక్కి వస్తూ ప్రతిసారీ గీరుకుంటుంది. వినేవారికి అది అపస్వరంగానే తోస్తుంది. తప్పు వాయించినవారిది కాదు, కూర్పుది.

పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ (1845–1902) ‘రఘువంశ సుధాంబుధి’ కథనకుతూహలం రాగంలో ఉంది. అది చాలావరకు నిలువు స్వరాల నడక, కాబట్టి రెండు వయొలిన్లు కాదు, నాలుగు చేర్చినా ఇమిడిపోతుంది. మొదటిసారి కూర్పు చేసేవారికి అదో, హంసధ్వనిలో ‘వాతాపి గణపతిం’లో నడక వేగం పెరిగే మధ్యమకాల భాగమో చేతికి అందే దూరంలో ఉంటాయి. క్షేత్రయ్య పదం జోలికి మాత్రం తొందరపడి వెళ్లకూడదు. కృష్ణా జిల్లా మొవ్వతో ముడిపడిన ఆ పదాలలో నడక విలంబం, అంటే బాగా నెమ్మది, ఒక్కో అక్షరం మీద రాగం విశ్రాంతిగా విప్పుకుంటుంది. అక్కడ గమకాలు తీసేస్తే మిగిలే స్వరాలు నాలుగైదే. దానికి రెండో వరస కట్టాలంటే ఏళ్ల అనుభవం కావాలి. మౌనంగా శ్రుతి పట్టుకుని ఉండడమే దానికి తగిన రెండో వరస కావచ్చు కూడా.

ఆభేరి రాగంలో ‘నగుమోము’ ఇంకో చిక్కు చూపిస్తుంది. ఈ కీర్తనకు పాత పాఠం శుద్ధ ధైవతంతో, అంటే కింది ధైవతంతో, ఉండేదని సంగీతజ్ఞులు చెబుతారు. ఇప్పుడు కచేరీలలో వినిపించేది దాని పైదైన చతుశ్రుతి ధైవతం. ఒంటరి వయొలిన్ మీద ఈ తేడా ఒక్క స్వరం తేడా. రెండో వయొలిన్ చేరితే అది భావం తేడా అవుతుంది. రెండోది మధ్యమం పట్టుకుని ఉండగా మొదటిది శుద్ధ ధైవతం తాకితే విషాదపు ఛాయ, చతుశ్రుతి తాకితే వెలుగు. మధ్యమానికీ ధైవతానికీ మధ్య దూరం మారడమే దీనికి కారణం. ఏ పాఠాంతరం తీసుకున్నారో తేల్చుకోకుండా రెండో వరస కడితే కూర్పు ఎటూ కాకుండా పోతుంది. గురువు నేర్పిన పాఠాన్నే పట్టుకుని, కట్టిన వరసను రికార్డు చేయకముందే ఆయనకో, ఆమెకో వినిపించడం మర్యాద కోసమే కాదు. ఏ సంగతి (ఒకే పాదాన్ని మార్చి మార్చి పలికే తీరు) దగ్గర రెండో వయొలిన్ అడ్డు తగులుతోందో ఆ పాఠం చిరకాలం వాయించిన చెవి వెంటనే పట్టుకుంటుంది.

అడ్డు రాని పద్ధతి ఒకటుంది, అది మన పక్కవాద్యాల పద్ధతే. రెండో వయొలిన్ షడ్జ పంచమాలను ఆశ్రయించాలి. అవి అచల స్వరాలు, ఊగవు, వాటితో ఏ గమకానికీ పేచీ లేదు. పల్లవి ఎత్తుగడలో మౌనంగా ఉండి, స్వరం ఆగిన చోట కార్వైని, అంటే నిడివిగా పట్టిన స్వరాన్ని, అందుకోవచ్చు. సంగతులు పెరిగే చోట కింది స్థాయిలో కేవలం ఎముకల గూడులాంటి స్వరాలు వేయవచ్చు. అనుపల్లవిలో మొదటి వయొలిన్ తారస్థాయికి ఎక్కినప్పుడు రెండోది మంద్రంలో నిలబడితే ఇల్లంతా నిండినట్టుంటుంది. రెండూ ఒకే వరసను ఒకేలా వాయించాలనుకోవడం మాత్రం అంత తేలిక కాదు. ఒకే మనిషి వాయించినా రెండోసారి గమకం అచ్చంగా అదే వేగంతో ఊగదు. ఆ స్వల్పమైన తేడా నిడివి గల జారులలో అందంగా ఉంటుంది, వేగపు సంగతుల్లో బురదగా మారుతుంది.

గది, ఫ్యాను, తెల్లవారుజాము

మన ఇళ్ల గదులు సంగీతం రికార్డు చేయడానికి కట్టినవి కావు. సిమెంటు గోడలు, గచ్చు లేదా టైల్స్ నేల, తక్కువ సామాను. చప్పట్లు ఒకసారి గట్టిగా కొడితే ఎదురెదురు గోడల మధ్య శబ్దం తాళ్లు ఆడించినట్టు టకటకమంటూ అటూ ఇటూ తిరుగుతుంది. అదే గదిలో వయొలిన్ వాయిస్తే ముందు పలికిన స్వరం పోకముందే తరవాతి స్వరం వచ్చి దాని మీద కూర్చుంటుంది. స్వరాల మధ్య దారి మొదట అలికిపోయేది ఇక్కడే. దీనికి మందు బజారులో కన్నా ఇంట్లోనే ఎక్కువ దొరుకుతుంది. పరుపును గోడకు నిలబెట్టడం, తీగ కట్టి బొంతలు వేలాడదీయడం, బట్టల బీరువా తలుపులు తెరిచి ఉంచడం, పుస్తకాల అలమర ముందు కూర్చోవడం. కోడిగుడ్ల అట్టలు అతికిస్తే చాలనే నమ్మకం ఒకటి ఊళ్లో తిరుగుతోంది. వాటికి బరువు లేదు, కాబట్టి అవి శబ్దాన్ని మింగలేవు. పాత దుప్పటి నాలుగు మడతలు వాటికన్నా నయం. గది మరీ మూగబోయేంతగా కప్పేయడమూ మంచిది కాదు. వయొలిన్‌కు కొంత ఊపిరి కావాలి, ఆ ఊపిరి గదే ఇవ్వాలి.

ఫ్యాను సంగతి విడిగా చెప్పాలి. విజయవాడ ఎండ మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. అలాంటి ఊళ్లో ఫ్యాను లేకుండా కూర్చోమనడం చిన్న కోరిక కాదు. అయినా ఆపక తప్పదు, అది కేవలం దాని హోరు వల్ల కాదు. పైకప్పు నుంచి తిరిగి వచ్చే నాదాన్ని తిరుగుతున్న రెక్కలు ముక్కలు చేస్తాయి. మూడు రెక్కల ఫ్యాను నిమిషానికి 120 చుట్లు తిరిగితే సెకనుకు ఆరుసార్లు రెక్క అడ్డు వస్తుంది. చేతితో వేసే కంపితం వేగమూ ఇంచుమించు అంతే ఉంటుంది. నిలకడగా పట్టిన షడ్జం కూడా ఊగుతున్నట్టు రికార్డు అవుతుంది, నిజంగా ఊపిన గాంధారం గందరగోళంగా వినిపిస్తుంది. ఫ్యాను ఆపిన అరగంటలో చెమట వేళ్ల కింద చేరి తీగ మీద జారును పాడుచేస్తుంది. ఉక్కపోతకు కమాను వెంట్రుకలు సాగుతాయి, బిరడాలు బిగుసుకుంటాయి, శ్రుతి కదులుతుంది. కాబట్టి ఎండాకాలంలో రికార్డింగు పది నిమిషాల చొప్పున, మధ్యలో మళ్లీ శ్రుతి చూసుకుంటూ జరగాలి. ఇంతకన్నా మంచి సమయం కార్తీకం నుంచి మాఘం దాకా. అందులోనూ ధనుర్మాసం నెల్లాళ్లూ తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై వస్తుంది కాబట్టి రాత్రి పదకొండు తరవాతి వేళ మేలు. మామిడి పూత మొదలయ్యాక కోయిలలు ఊరుకోవు. కోయిల కూత వయొలిన్ పలికే స్థాయిలోనే పలుకుతుంది, దాన్ని తరవాత ఏ ఉపాయంతోనూ తీయలేము. కరెంటు పోయిన వేళ ఫ్రిజ్, ఇరుగుపొరుగు ఏసీలు, అన్నీ ఒక్కసారి ఊరుకుంటాయి. బ్యాటరీ నిండుగా ఉంచుకుంటే ఆ అరగంట చాలా విలువైనది.

మైకు ఎక్కడ పెట్టాలి

రికార్డింగు గురించి దొరికే సలహాలలో ఎక్కువ భాగం నిలబడి, గడ్డం కింద వయొలిన్ పెట్టుకుని వాయించేవారికి రాసినవి. అప్పుడు వాద్యపు పైపలక ఆకాశం వైపు చూస్తుంది, మైకును తల కన్నా ఎత్తున పెట్టమంటారు. మన వాద్యకారుడు బాసిపట్టు వేసుకుని కూర్చుంటాడు, వయొలిన్ తల కుడికాలి చీలమండ మీద ఆనుతుంది, పలక ముందుకు వాలుతుంది. వయొలిన్ నుంచి మంద్రధ్వనులు అన్ని వైపులకూ సమంగా వెళతాయి, పై ధ్వనులు మాత్రం పలకకు ఎదురుగా సూటిగా పోతాయి. ఆ సూటిదారిలో మైకు లేకపోతే నాదం మందగించి వినిపిస్తుంది. మరీ దగ్గర పెడితే నాదం కన్నా కమాను గీత ముందు వినిపిస్తుంది. కూర్చున్న మనిషి నుదుటి ఎత్తులో, మూడు నాలుగు అడుగుల దూరంలో, పలక వైపు వాల్చి పెట్టి అక్కడి నుంచి వెతుక్కోవాలి. ఒక్కో జానెడు జరిపి ఒకే పల్లవిని నాలుగు చోట్ల రికార్డు చేసి విని చూడడం కన్నా మంచి దారి లేదు.

మన శ్రుతి కూడా ఇందులో లెక్కకు వస్తుంది. పాశ్చాత్య పద్ధతిలో నాలుగు తీగల్లో అన్నిటికన్నా లావుది 196 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. మనం షడ్జ పంచమ షడ్జ పంచమాలుగా, చాలాసార్లు బాగా తగ్గించి శ్రుతి చేసుకుంటాం. తీగ బిగువు తగ్గిన కొద్దీ నాదం లోతుగా, మెత్తగా వస్తుంది. మన వయొలిన్ పలుకుబడికి ఆ మెత్తదనమే ప్రాణం. దాన్ని చిన్న ఫోను స్పీకరు పలికించలేదు. మంద్ర పంచమం దగ్గర చేసిన రాగాలాపన ఫోనులో వింటే దోమ రొదలా ఉంటుంది, ఇయర్‌ఫోను పెడితే సముద్రంలా ఉంటుంది. వినేవారిలో చాలామంది ఫోను స్పీకరు మీదే వింటారన్నది నిజం. అందుకని కూర్పులో ముఖ్యమైన వాక్యాన్ని పూర్తిగా మంద్రంలో దాచకుండా, మధ్యస్థాయిలో ఒకసారి తిరిగి పలికించడం వినేవారి మీద దయ.

ఫోను తెలివి

ఫోను మైకు తక్కువది కాదు. దాని వెనక ఉన్న తెలివే చిక్కు. ఫోను మనిషి మాటను వినడానికి తయారైంది. ఎడతెగకుండా ఒకే తీరుగా వచ్చే ధ్వని ఏదైనా దాని లెక్కలో రొద, తీసేయవలసినది. తంబురా సరిగ్గా అలాంటి ధ్వనే. అందుకే చాలా ఇంటి రికార్డులలో మొదటి రెండు సెకన్లు తంబురా బాగా వినిపించి, తరవాత ఎవరో తలుపు మూసినట్టు వెనక్కి వెళుతుంది. నిడివిగా పట్టిన కార్వై కూడా అదే గతి పడుతుంది. రెండో తెలివి, శబ్దం తగ్గితే పెంచడం, పెరిగితే తగ్గించడం. కమాను ఒత్తిడితో కట్టిన ఎత్తుపల్లాలన్నీ దానివల్ల చదునైపోతాయి. జారు చివర సన్నబడవలసిన నాదం సన్నబడదు. ఈ రెండింటినీ ఆపగల రికార్డింగు యాప్ వాడడం, వీలుంటే ఫోనుకు విడి మైకు తగిలించడం, కొత్త వయొలిన్ కొనడం కన్నా ముందు చేయవలసిన పనులు.

శబ్దపు మట్టం గురించి ఒక్క మాట చాలు. అన్నిటికన్నా గట్టిగా పలికే చోట యాప్ చూపే కొలత −12 డెసిబెల్స్ దాటకుండా ఉంచుకోవాలి. 24 బిట్‌లో రికార్డు చేస్తే తక్కువ మట్టంలో ఉన్నదాన్ని తరవాత పెంచుకోవచ్చు. పైన విరిగిన నాదాన్ని మాత్రం ఎవరూ అతకలేరు.

తంబురాను గదిలో మోగించాలా, చెవిలో మాత్రమే వినాలా అన్నది ఇంకా ముఖ్యమైన నిర్ణయం. గదిలో మోగిస్తే వయొలిన్ దానిలో కరిగి, సహజంగా ఉంటుంది, కానీ రెండో వరస రికార్డు చేసినప్పుడు తంబురా రెండుసార్లు చేరి మసకబారుతుంది, ముక్కలు అతకడమూ కుదరదు. రెండు వరసలున్న కూర్పుకు ఒక చెవిలో మాత్రమే ఇయర్‌ఫోను పెట్టుకుని తంబురా వింటూ, రెండో చెవిని వాద్యానికి వదిలేయాలి. తంబురాను చివర ఒక్కసారే చేర్చాలి. ఆ ఇయర్‌ఫోను తీగతో ఉన్నదై తీరాలి. తీగ లేనివి శబ్దాన్ని ఆలస్యంగా అందిస్తాయి, ఆ ఆలస్యం తరచు 200 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. నిమిషానికి 80 అక్షరాల వేగంతో ఆదితాళం నడుస్తుంటే ఒక అక్షరం, అంటే తాళంలో ఒక లెక్క, 750 మిల్లీసెకన్లు, దాన్ని నాలుగుగా విడగొట్టే చతురశ్రంలో నాలుగో వంతు 187. అంటే తొలి వరసను వింటూ రెండోది వాయించినవారు ఎంత లయజ్ఞానం ఉన్నవారైనా పావు అక్షరం వెనకబడతారు. లయ తప్పుతోందని తమను తాము నిందించుకునేవారిలో చాలామందికి అసలు తప్పు చెవిలో ఉందని తెలియదు.

ఎడిటింగు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ముక్కలు అతకడం, మొదలూ చివరా కత్తిరించడం, రెండు వయొలిన్లను కొంచెం ఎడమకూ కుడికీ జరపడం, ఇంతటితో ఆగితే మేలు. స్వరస్థానం సరిచేసే సాఫ్ట్‌వేర్ జోలికి అసలు వెళ్లకూడదు. అది 12 మెట్లే ఎరిగినది. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న ప్రతిదాన్నీ తప్పుగా లెక్కగట్టి దగ్గర మెట్టు మీదికి లాగుతుంది. తోడి గాంధారం దాని చేతిలో పడితే ఊగడం మానేసి మెట్లెక్కి దిగుతుంది.

ఎవరి పాట, ఎవరి బాణీ

త్యాగరాజు 1847లో, ముత్తుస్వామి దీక్షితులు 1835లో, శ్యామశాస్త్రి 1827లో కాలం చేశారు. వారి కృతుల మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైటు లేదు. మన 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అదే చట్టం సంగీత రచనను వేరే వాద్యాలకు కూర్చడాన్ని కూడా అనుసరణ కింద లెక్కగడుతుంది. అంటే హక్కు ఇంకా ఉన్న రచనకు ఇంట్లో కూర్చుని కొత్త వరస కట్టి లోకానికి పంచాలంటే హక్కుదారు అనుమతి కావాలి. విజయవాడ పిల్లలు ఇష్టంగా వాయించే బాలమురళీకృష్ణ తిల్లానాలు ఈ కోవలోవే. ఆయన 2016లో కన్నుమూశారు. ఆ లెక్కన ఆయన రచనల మీద హక్కు 2076 చివరి దాకా ఉంటుంది.

ఎక్కువమంది పొరపడేది అన్నమయ్య దగ్గర. అన్నమాచార్యులు 1503లో పోయారు కదా, హక్కు ఏమిటి అనుకుంటారు. తిరుమల రాగిరేకుల మీద పాటలూ రాగాల పేర్లూ ఉన్నాయి గాని, ఇప్పుడు మనం పాడే బాణీలు లేవు. వాటిలో ఎక్కువ ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. వారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో, నేదునూరి కృష్ణమూర్తి 2014లో కాలం చేశారు. గాయకుడికి మాటలూ బాణీ రెండూ ఉంటాయి. వయొలిన్‌కు మాటలు లేవు, బాణీ ఒక్కటే ఉంది. రేవతి రాగంలో ‘నానాటి బతుకు’ వయొలిన్ మీద వాయిస్తే, అందులో వినిపించేదంతా నేదునూరి వారి సొత్తే. చట్టం మాట పక్కన పెట్టినా, బాణీ కట్టినవారి పేరు రాయకుండా ‘అన్నమాచార్య కీర్తన’ అని మాత్రం రాసి వదిలేయడం అన్యాయం. ఇది చాలా విరివిగా జరుగుతోంది, ఆగాలి.

ఇటువైపు హక్కులూ ఉన్నాయి. వాయించినవారికి తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఉంది. త్యాగరాజ కీర్తనకు సొంతంగా కట్టిన రెండో వరస మీద, అది నిజంగా సొంతదైతే, కట్టినవారికి హక్కు ఉంది. యూట్యూబ్‌లో ధ్వనులను పోల్చి చూసే యంత్రానికి మాత్రం ఈ సూక్ష్మాలు తెలియవు. దానికి పట్టుబడేది స్వరాల గూడు, పోలికలు కలిస్తే ఏదో కంపెనీ పేరు మీద నోటీసు వస్తుంది. ఎవరి హక్కూ లేని శాస్త్రీయ రచనలకు ఇలా నోటీసులు రావడం ప్రపంచమంతటా ఉన్నదే. భయపడి వీడియో తీసేయనక్కరలేదు. కృతి ఎవరిది, ఎప్పటిది, వాయించింది ఎవరు, కూర్చింది ఎవరు అని నాలుగు వాక్యాలలో రాసి అభ్యంతరం చెప్పవచ్చు. నోటీసు పెట్టినవారు 30 రోజులలో బదులివ్వాలి, లేకపోతే ఆ నోటీసు రద్దవుతుంది.

పంచేటప్పుడు

వాట్సాప్‌లో వాయిస్ మెసేజీగా పంపితే అది మాటకోసం కుదించిన ధ్వని, వయొలిన్ పై పలుకులన్నీ పోతాయి. అదే ఫైలును డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టే చేరుతుంది. ఇంత చిన్న సంగతి తెలియక ఎన్ని మంచి రికార్డులు చెడి చేరుతున్నాయో. ఎంపీ3 అంటేనే నాణ్యత పోయిందని కొందరు బాధపడతారు. 256 కిలోబిట్స్ పైన చేసినదానిలో గమకానికి వచ్చే నష్టం చెవికి అందేది కాదు. నష్టమంతా దానికి ముందే జరిగి ఉంటుంది.

పంచిన రికార్డుతో పాటు ఏం రాయాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. రాగం, తాళం, రచయిత పేరు ఎలాగూ రాస్తారు. శ్రుతి ఎంత, పాఠాంతరం ఎవరి దగ్గర నేర్చినది, ధైవతం ఏది, ఏ సంగతులు వదిలేశారు, రెండో వరసలో తాము చేర్చినది ఏది అనేవి కూడా ఉంటే విన్నవారు దాన్ని తిరిగి వాయించగలరు. లేకపోతే వచ్చే తరం విద్యార్థి రెండో వయొలిన్ వరసను త్యాగరాజు సంగతే అనుకుని నేర్చుకుంటాడు. పాఠాలు కలగాపులగం కావడానికి ఇంత కన్నా దగ్గర దారి లేదు.

వీలైతే స్వరం కూడా రాసి పెట్టాలి, అదీ గమక చిహ్నాలతో. ఇందుకు మనకు గొప్ప ఆధారం ఉంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి ప్రచురించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగులో అచ్చయింది. కంపితం, నొక్కు, రవ, ఓరిక, పైకీ కిందికీ పోయే జారులు, ఒక్కోదానికి ఒక గుర్తు పెట్టి, ఏ స్వరం మీద ఏది పడుతుందో అందులో చూపించారు. రికార్డింగు అందుబాటులో లేని కాలంలో, దారిని కాగితం మీద పట్టుకోవడానికి చేసిన పని అది. ఇప్పుడు ధ్వనీ ఉంది, గుర్తులూ ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి పెడితే, రికార్డులో మసకబారిన చోటు కాగితంలో తెలుస్తుంది, కాగితానికి అందనిది చెవికి తెలుస్తుంది. ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉన్న ఊళ్లో ఆ గుర్తులు చదివి చెప్పగల పెద్దలు దొరకడం కష్టం కాదు.

చివరగా దాచుకోవడం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఒక్క మైకుతో చేసిన రికార్డు నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు. ఆరు నిమిషాల కీర్తనకు రెండు వరసలూ కలిపి నూరు మెగాబైట్ల పైచిలుకు. కలిపి పంచిన ఫైలు ఒక్కటే ఉంచుకుని ఈ విడి వరసలను చెరిపేసేవారు ఎక్కువ. అవి రెండు చోట్ల ఉండాలి, ఒకటి ఇంట్లో, ఒకటి ఇంటి బయట. మొదటి వరస విడిగా ఉంటే దాన్ని వింటూ ఇంకొకరు తమ రెండో వరస కట్టుకోవచ్చు, రెండోది విడిగా ఉంటే శిష్యురాలు కీర్తనను దానితో కలిసి సాధన చేయవచ్చు. ఫైలు పేరులోనే తేదీ, రాగం, శ్రుతి రాసి పెట్టుకుంటే పదేళ్ల తరవాత మళ్లీ తీసినప్పుడు తీగలు ఏ శ్రుతికి బిగించాలో వెతుక్కోనక్కరలేదు.